బేరమాడని మనిషి

సముద్రంలో వేట నిషేధం కొత్తగా మొదలైన రోజులు. రెండువేల రెండు వేసవి అనుకుంటాను. విశాఖ జెట్టీలో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలబడిపోయాయి. తాజా చేప లేక మా అత్త నూకాలు ఇంట్లో కూర్చుంది. ఆవిడ ఇంట్లో కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు. తెల్లారేసరికి తట్ట నెత్తికెత్తుకుని కురుపాం మార్కెట్ దారి పట్టే మనిషి, పన్లేక నా పోపుల డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండానే కుళాయి దగ్గర వరహాలుతో తగువైంది. వరహాలు మా పక్కింటావిడ. అత్తకి వరసకి వదిన. వయసులో ఉన్నప్పటినుంచీ ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని చేపలమ్మారు, పక్కపక్కనే తిట్టుకున్నారు. ఆ రోజు గొడవ బిందె వరస గురించి.

"నా బిందె ముందెట్టినాను," అంది అత్త.

"ఎట్టినావు. ఎట్టీసి ఎల్లిపోనావు. బిందెట్టీసి పోతే వరస ఉండిపోద్దేటి?"

"నానెక్కడికి పోనాను? అరుగు మీదే ఉన్నాను కదా."

"మీ వంశానికే ఉన్నాదిలే ఆ గుణం. మీ బాబు పాదిరి కూడా మీ అమ్మనీ నిన్నూ ఇక్కడెట్టీసి పోనాడు. మళ్లీ వొచ్చినాడేటి?"

కుళాయి దగ్గరి ఆడవాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయి అత్త మొహం చూసి ఆగిపోయాను. వరహాలు ఒకటంటే తను పది అనే అత్త, ఆ రోజు ఖాళీ బిందె చంకనెత్తుకుని ఇంట్లోకి వచ్చేసింది.

మధ్యాహ్నం నేను బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది.

"అనూరాధా, నీకిప్పుడు బడి సెలవులే కదా."

నేను అప్పట్లో దగ్గర్లోనే ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి చెప్పేదాన్ని. సెలవులే అన్నాను.

"మా బాబు ఎక్కడ సచ్చినాడో కనుక్కోవే. మమ్మల్ని ఒగ్గేసి ఎల్లిపోనాడా, ఎవులైనా ఎల్లిపొమ్మంటే ఎల్లినాడా? అదొక్కటీ తెలిస్తే సాలు నాకు."

రాత్రి మా ఆయన సింహాద్రి పోర్టులో డ్యూటీ దిగి వచ్చాక అన్నం దగ్గర ఈ మాట ఎత్తాను. ఆయన తల్లి వైపు తిరిగి, "తాత వెళ్లిపోయి అరవయ్యేళ్లు దాటిపోయింది. ఇప్పుడెందుకే అమ్మా అదంతా?" అన్నాడు.

"నీ బాబు ఎక్కడ సచ్చినాడో నీకు తెలుసు కాబట్టి అలగంటన్నావు," అంది అత్త. ఆయన చారు పోసుకున్నాడు. 

మా దగ్గరున్న ఆధారాలు తక్కువ. ఆయన పేరు సత్యానందం. హార్బరు కట్టే రోజుల్లో నైజాం వైపునుంచి కూలీలు చాలామంది వచ్చారట. వాళ్ల కోసం ఒడ్డుకి దగ్గర్లో ఒక ప్రార్థన పాక ఉండేదట. అందులో వాక్యం చెప్పడానికి వచ్చినవాడు అత్త తల్లి సీతాల్ని చేసుకున్నాడు. అత్తకి నడక వచ్చేసరికి వెళ్లిపోయాడు. సీతాలు జ్వరమొచ్చి చిన్నతనంలోనే పోయింది. అత్తని పెంచింది అమ్మమ్మ ముసలమ్మ. పిల్ల అన్నం తిననని మొరాయించినప్పుడల్లా ఆవిడ, "తినకపోతే మీ బాబులాగ నానూ ఒగ్గేసి పోతాను," అనేదట. అత్తకి తండ్రి గురించి తెలిసింది అంతే.

ఆ సాయంత్రాలు అత్త అరుగు మీద ఎండిన నెత్తళ్ల చేపల తట్ట పెట్టుకుని కూర్చునేది. ఒకరోజు కొత్తగా ఆ వీధికి అద్దెకొచ్చిన కుర్రాడు, ప్యాంటూ చొక్కా వేసుకున్నవాడు, అడిగిన ధర ఇచ్చేసి పొట్లం పట్టుకుపోయాడు. అత్త అతనికి తట్ట అడుగునుంచి తీసి కట్టింది. నాకు కనబడింది.

"అదేటత్తా, అడుగునున్నవి తుక్కు కదా?"

"బేరమాడనోడికి తుక్కే. బేరమంటే ఏటనుకున్నావు? మొప్పెత్తి సూడాల, ముక్కు దగ్గరెట్టుకోవాల, నన్ను తిట్టాల. నాను ఆడ్ని తిట్టాల. అప్పుడు మంచి సేప బయటికొస్తాది. ఏటీ సూడకుండా డబ్బులిచ్చీసినోడికి సేపంటే లెక్క నేదు. ఆడికి నిన్నటిదే కట్టాల."

అని తన గొడుగాయన కథ మొదలెట్టింది. ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అత్తకి కొత్తగా పెళ్లై, మార్కెట్లో కూర్చోవడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక ముసలాయన వచ్చేవాడట. తెల్ల పంచె, నల్ల గొడుగు. ఆ నల్ల గొడుక్కి తెల్లగుడ్డతో మాసిక. వారానికోసారి వచ్చి, పక్కనున్న వరహాలు ఎంత పిలిచినా పలక్కుండా అత్త ముందే నిలబడేవాడట. ఎంత చెబితే అంత ఇచ్చేవాడట.

"ముందు సిగ్గేసి మంచివే ఇచ్చినాను. తర్వాత సూద్దునా, ఆ మడిసి సేపవైపే సూడ్డు. అలగే నిలబడతాడు. మరింకేటి, మెత్తబడిపోనాయన్నీ ఆయనకే. వరాలు నవ్వలేక సచ్చిపోయీది. ఓపాలి కళ్లు లోపలికి పోయిన కానాగంత సేపలు కట్టినాను. తీసుకున్నాడు. 'సల్లగా ఉండమ్మా' అని ఎల్లిపోనాడు. పిచ్చి మాలోకం!"

ఆ చోటుకి వచ్చేసరికి ఆవిడకి ఎప్పుడూ నవ్వు ఆగేది కాదు. ఆ రోజూ ఆగలేదు.

మర్నాటినుంచి వెతకడం మొదలుపెట్టాం. మాకు చర్చి అంటే చర్చే. అందులో తేడాలుంటాయని నాకు తెలీదు, అత్తకి అసలే తెలీదు. వన్ టౌన్‌లో కనబడిన మొదటి చర్చిలోకి వెళ్లి, మీ దగ్గర పూర్వం సత్యానందం అనే పాదిరి ఉండేవాడా అని అడిగాం. అక్కడి పాస్టరు గారు కుర్చీలు వేయించి కూర్చోబెట్టారు.

"మీ అమ్మగారికి బాప్తిస్మం ఎలా ఇచ్చారో ఏమైనా విన్నారా?"

"సెంబుతో," అంది అత్త.

"చెంబుతోనా?"

"సెంబుతో నెత్తిమీద నాలుగు సుక్కలు. మా వోళ్లందరూ నవ్వీసినారంట. పక్కనే అంత సముద్రం ఎట్టుకుని సెంబెందుకు బాబూ, సుట్టాలొస్తే కాళ్లకి నీళ్లిచ్చినట్టు, అన్నారంట."

పాస్టరు గారు పెదవి బిగించారు గానీ నవ్వు కళ్లలోకి వచ్చేసింది. "అయితే మావాళ్లు కాదమ్మా. మేం పూర్తిగా నీళ్లలో ముంచుతాం," అన్నారు.

రెండో చోట పెద్దాయన మేమూ చెంబుతోనే అన్నారు. కానీ వాళ్ల బోధకులు ఒక ఊళ్లో కుదురుకుంటే ఏళ్ల తరబడి కదలరట. "రెండుమూడేళ్లకే వెళ్లిపోయాడంటున్నారు. మెథడిస్టు బోధకుడేమో కనుక్కోండి. కంచరపాలెంలో దేవసహాయం గారని రిటైరైన రైల్వే గార్డు ఉన్నారు. వాళ్ల నాన్నగారు మెథడిస్టు బోధకుడే," అని దారి చెప్పారు.

ఆటోలో అత్త అడిగింది. "మెతడిస్టంటే ఏటే?"

"నాకూ తెలీదత్తా."

"ఇంత సదువూ సదివి?"

దేవసహాయం గారు బనీనుతో వరండాలో కూర్చుని రేడియో బాగుచేసుకుంటున్నారు. లోపలికి వెళ్లి చొక్కా వేసుకుని వచ్చారు. మేం చెప్పిందంతా విని, "వెళ్లిపోయాడనకండమ్మా. వేసేశారు అనాలి. మా నాన్ననీ అలాగే వేసేవారు," అన్నారు.

ఆయన చెప్పింది ఇది. బోధకులందరికీ ఏడాదికోసారి సభ ఉంటుంది. ఆఖరి రోజు బిషప్పు లేచి పేర్లు చదువుతాడు. పేరు, పక్కన ఊరు. చదివేదాకా ఎవరు ఎక్కడికో ఎవరికీ తెలీదు. చదివాక ఎందుకని అడగడానికి లేదు. "మా అమ్మ వంటగిన్నెలు సగమే మూటలోంచి తీసేది. ఎలాగూ మళ్లీ కట్టాలి కదా అని. నేను ఏ బళ్లోనూ పుస్తకం ఆఖరి పాఠం దాకా చదవలేదు."

"నానెల్లను అంటేనో?" అంది అత్త.

"అలా అనబోమని ముందే దేవుడి ముందు ప్రమాణం చేస్తారు."

"పెళ్లాం రానంటేనో?"

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టారు. "వస్తుందనే అనుకుంటారమ్మా అందరూ. రాకపోతే ఏమిటన్నది ఎవరూ రాసి పెట్టలేదు."

 తిరిగి వచ్చేటప్పుడు కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలు అడ్డం వచ్చి ఆటో ఆగిపోయినప్పుడు అత్త చెప్పింది.

"మా అమ్మమ్మ మా అమ్మని రైలెక్కనివ్వనేదంట. సముద్రం నేని ఊరికి నా గుంటనంపను, ఆడ ఏటి తిని బతుకుతాది అందంట. ఈ మాట సిన్నప్పట్నుంచి ఇన్నాను. బాబు ఒగ్గేసి పోనాడనీ ఇన్నాను. రెండూ ఒక్కకాడెట్టి సూడనేదు ఎప్పుడూ."

 లారీ కదిలింది.

"అయినా ఒక్కపాలి రావచ్చు కదా. మా అమ్మ పోనాకైనా. రైళ్లు నేవా?" అంది. ప్రశ్న సగం తీరింది. మిగతా సగం మొదటిదానికన్నా గట్టిదని నాకర్థమైంది.

దేవసహాయం గారికి ఈ పని తన సొంత పనైపోయింది. ఆదివారం రాత్రుళ్లు ఫోను చవక. తనకి తెలిసినవాళ్ల నంబర్లన్నీ పట్టుకుని ఎస్టీడీ బూత్‌కి వచ్చేవారు. మేమిద్దరం బూత్ బయట బల్ల మీద కూర్చునేవాళ్లం. తాండూరులో ఎవరో ముసలాయన సత్యానందం అయ్యగారు గుర్తున్నారన్నాడు. ఇక్కడ చేశారు, తర్వాత జహీరాబాద్ వెళ్లిపోయారు. జహీరాబాద్ వాళ్లు ఇల్లెందు వెళ్లిపోయారన్నారు. ఇల్లెందు వాళ్లు వికారాబాద్ అన్నారు.

"ఏ ఊరడిగినా ఎల్లిపోనాడనే అంటన్నారు," అంది అత్త. "మనొక్కలమే కాదన్నమాట."

అప్పటికి ఆవిడ కొంచెం నవ్వగలుగుతోంది. ఒక్కో ఊరి పేరు వినగానే, "ఆడ సముద్రముందా?" అని అడిగేది. లేదనేదాన్ని. "మరి ఏటి తినీవోడో," అనేది.

వికారాబాద్ దగ్గర దారం తెగిపోయింది. అక్కడే రిటైరయ్యాడట. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లాడో తెలిసినవాళ్లు లేరు. సొంతూరు వెళ్లుంటాడని దేవసహాయం గారు ఆ వైపు ఊళ్లన్నీ అడిగించారు. ఎక్కడా లేడు. మే నెల సగం దాటింది. ఎండలకి మా వీధిలో కుక్కలు కూడా మొరగడం మానేశాయి. ఇంక వదిలేద్దామని నేనే అన్నాను.

తర్వాత ఆదివారం దేవసహాయం గారు బూత్‌లోంచి తలుపు తెరిచి, రిసీవరు చెవి దగ్గరే పెట్టుకుని, "ఎలమంచిలిలో మీకు బంధువులెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

లేరన్నాను.

ఆయన ఫోను పెట్టేసి వచ్చి మా పక్కన కూర్చున్నారు. వికారాబాద్‌లో ఒక నర్సమ్మ, ఇప్పుడు చాలా పెద్దావిడ, చెప్పిందట. సత్యానందం అయ్యగారికి సాగనంపు భోజనం పెట్టి, ఏ ఊరికి టిక్కెట్టు కొనమంటారని అడిగితే ఎలమంచిలి అన్నాడట. అదెక్కడ, అక్కడ మనవాళ్లున్నారా, గుడుందా అని అందరూ అడిగారట. గాలి బాగుంటుందని చెప్పాడట.

"సర్వీసులో ఉన్నంతకాలం బిషప్పు చదివిన ఊరమ్మా," అన్నారు దేవసహాయం గారు. "రిటైరయ్యాక మాత్రం ఎవరి ఊరు వాళ్లు ఎంచుకోవచ్చు. జీవితంలో ఒక్కసారే."

అత్త అడిగింది. "ఎలమంచిలంటే, మన పాసింజరు దారిలోదేనా?"

"అదే అత్తా. గంటన్నర."

"తెలుసు," అంది విసుగ్గా. "రాజమండ్రి ఎల్లినప్పుడల్లా సూత్తాను కదా."

మర్నాడు పొద్దున్నే పాసింజరు ఎక్కాం. ఎలమంచిలిలో స్టేషన్ బయట కిళ్లీ కొట్టువాణ్ణి అడిగితే పెద్దవాళ్లనడగమన్నాడు. పెద్దవాళ్లు చిలకమ్మ ఇల్లు చూపించారు. "పూర్వం వాళ్ల వీధి గదిలో పాదిరయ్య ఒకాయన ఉండీవోడు. అందరికీ జెరాలకి మందులిచ్చీవోడు," అన్నారు.

చిలకమ్మకి అరవైకి కొంచెం తక్కువ ఉంటాయి. ఆ ఇల్లు ఆవిడ తల్లిది. పాదిరయ్య దిగినప్పుడు తను పదిహేనేళ్ల పిల్లనని, ఆయనకి నీళ్లు తోడి, వంట చేసిపెట్టేదాన్నని చెప్పింది. మజ్జిగిచ్చి, మేమెవరమో సరిగా అడక్కుండానే మాటల్లో పడిపోయింది.

"మంచోడమ్మా. ఒక్కటే సిక్కు. సేపలు కొండం రాదు."

అత్త మజ్జిగ గ్లాసు కింద పెట్టింది.

"మా ఊళ్లో సంత నేదా? సేపలు రావా? అయినా వారానికోపాలి పాసింజరెక్కి ఇశాపట్నం పోయి సేపలు తెచ్చీవోడు. ఏ సేపలనుకున్నావు? మొప్పలు నల్లగా, పొట్టలు పగిలిపోయి. ఎవులమ్మినారు అయ్యగారూ మీకీ సేపలు, ఆల నోట్లో మన్నెయ్య, అనీదాన్ని. అలగనకు చిలకమ్మా, తెలిసినమ్మాయే అనీవోడు."

నేను అత్త వైపు చూడలేదు. చూడకూడదనిపించింది.

"తినీవోడా?" అంది అత్త. గొంతు మామూలుగానే ఉంది.

"తినకేటి! నిమ్మకాయ పిండి, ఉప్పుతో కడిగి వండమనీవోడు. మరీ బాగునేనియ్యి ఆ సన్నజాజి మొదట్లో కప్పెట్టించీవోడు. ఈ ఈదిలో అలాంటి జాజి ఇంకెవులింట్లోనూ పూయనేదు." చిలకమ్మ నవ్వి, మళ్లీ తనే అంది. "ఓపాలి మా అమ్మ అడిగింది, నీకెవులూ నేరా అయ్యగారూ అని. పెళ్లాముండేది, పోయిందన్నాడు. పిల్లున్నాది, ఆల అమ్మ మొకమే అన్నాడు. మరి పోయి సూడొచ్చు కదా అంటే, సూస్తూనే ఉన్నానమ్మా అన్నాడంట. పోటో ఏదో ఎట్టుకున్నాడనుకున్నాం. పోనాక సూస్తే పెట్లో పోటో ఏదీ నేదు."

"మరి పిల్లతో చెప్పుకోలేదా, నేను నీ నాన్ననని?" అన్నాను నేను.

"అదీ అడిగింది మా అమ్మ. ఆ పిల్లకి మొగుడు, దేవుళ్లు, ఊరు, యాపారం అన్నీ ఉన్నాయి, ఇంతకాలానికి నేను పోయి ఏం కదిలించాలి అన్నాడంట."

అత్త లేచి వీధి గదిలోకి తొంగిచూసింది. ఇప్పుడు అందులో వడ్ల బస్తాలున్నాయి. "ఆయన గొడుగేటైంది?" అని అడిగింది.

చిలకమ్మ ఆశ్చర్యపోయింది. "గొడుగుండీదని నీకెలా తెలుసు? నల్లగుడ్డ దొరక్క మా అమ్మ తెల్లగుడ్డతో మాసికేసింది. ఆయనతోటే పెట్టెలో ఎట్టీసినాం."

సమాధి ఊరి చివర, రైలు కట్టకి దగ్గర్లో ఉంది. సున్నం రాలిపోయిన దిమ్మ. అత్త వెంట తెచ్చిన కొబ్బరికాయ సంచిలోంచి తీసి, కొట్టాలో వద్దో తెలియక చేతిలో పట్టుకుని నిలబడింది. చిలకమ్మ, "ఈళ్లు కొట్టరు," అంది. అత్త కాయని అలాగే దిమ్మ మీద పెట్టింది. అది దొర్లిపోబోతే రాయి అడ్డం పెట్టింది. అప్పుడే విశాఖపట్నం వైపు వెళ్లే బండి ఒకటి పోయింది. అది కనబడకుండా పోయేదాకా అత్త చూసింది.

తిరుగు ప్రయాణంలో ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అనకాపల్లిలో బెల్లం అమ్మే ఆవిడతో గట్టిగా బేరమాడి, బెల్లం కొనకుండా వదిలేసింది. దువ్వాడ దాటాక మాత్రం, "కానాగంతలు కట్టిన్రోజు సల్లగా ఉండమ్మా అన్నాడు," అంది కిటికీలోంచి చూస్తూ. నాతో అనలేదు.

మర్నాడు కుళాయి దగ్గర వరహాలే పలకరించింది. ఆవిడకీ మనసులో ఉన్నట్టుంది. "దొరికినాడేటే మీ బాబు?"

"దొరికినాడు."

"ఎక్కడున్నాడంట ఇన్నాళ్లూ?"

"మన ముందే నిలబడీవోడు. నువ్వు పిలిస్తే పలికీవోడు కాదు, గుర్తునేదా? గొడుగట్టుకుని."

వరహాలు చేతిలో బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. ఆ తర్వాత నాకు తెలిసి మా ఇంట్లో గానీ కుళాయి దగ్గర గానీ గొడుగాయన కథ ఎవరూ చెప్పలేదు.

నెలాఖరుకి నిషేధం ఎత్తేశారు. బోట్లు వెళ్లి, మొదటి వేట తిరిగి వచ్చిన రోజు అత్త చీకటితోనే జెట్టీకి పోయింది. వెనకే నేనూ వెళ్లాను. వేలంపాటలో గొంతెత్తి, ఇద్దరు ముగ్గురిని తిట్టి, తిట్లు తిని, ఒక కోనాం చేప దక్కించుకుంది. పొడుగ్గా, వెండిలా ఉంది. దాన్ని తట్టలో ఐసు మధ్య పడుకోబెట్టి తడిగోనె కప్పింది. మార్కెట్ వైపు వెళ్తుందనుకున్నాను. స్టేషన్ వైపు తిరిగింది.

పాసింజరులో పక్కవాళ్లు నీళ్లు కారుతున్నాయని గొణిగారు. "సేపన్నాక నీళ్లు కారవేటి, పాలు కారతాయేటి?" అంది అత్త.

చిలకమ్మ తలుపు తీసి మమ్మల్నీ తట్టనీ చూసింది. మొదటిసారి వెళ్లినప్పుడు మేమెవరమో చెప్పలేదు. ఈసారీ అత్త చెప్పలేదు. తట్ట గుమ్మంలో దింపి గోనె తీసింది.

"వండు. అందరం తిందాం. డబ్బుల మాటెత్తకు."

చిలకమ్మ చేప వైపు చూసింది. అత్త మొహంలోకి చూసింది, చాలాసేపు. తర్వాత కింద కూర్చుని, వేలితో మొప్ప ఎత్తింది.

ఎర్రగా ఉంది.

"బాగా సూడు," అంది అత్త. "వాసన కూడా సూడు."

చిలకమ్మ వంగి వాసన చూసింది. లేచి, కత్తిపీట తేవడానికి లోపలికి వెళ్లింది.